మడిచిన మూల

మొన్న జ్వరానికి సూది వేయించుకుంటుంటే స్పిరిట్ దూది చల్లగా చేతికి తగిలింది. ఆ వాసనకి సన్యాసమ్మగారు గుర్తొచ్చారు. డుంబ్రిగుడ అవతల ఓ కొండ ఊరి ఆసుపత్రిలో పెద్ద నర్సు ఆవిడ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆ చుట్టుపక్కల ఆసుపత్రులు గోదాము నుంచి మందులు అడగడానికి వెబ్‌సైటు తయారుచేసింది నేను. అంతకుముందు ఆవిడ చీటీ రాసి బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. ఆ వెంటనే తన పుస్తకంలో ఆ చీటీ సంగతి రాసుకున్న పేజీ మూల మడిచేవారు. అందినట్టు సంతకం తిరిగొచ్చాకే మడత విప్పడం. రాకపోతే మర్నాటి బస్సుకి మళ్ళీ చీటీ. కంప్యూటరు వచ్చినా మడతలు మానకపోతే నాకు ఒళ్ళు మండింది.

"ఇంకా ఇదేమిటండీ? నొక్కగానే వెళ్ళిపోతుంది కదా!"

"ఎల్లిందని నువ్వంటన్నావు బాబూ. అందిందని ఆల్లు సెప్పాల గదా?"

వానపడితే చాలు, ఫోను లైను తెగేది. తెరమీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. మిషను పాడైపోయిందని అందరూ గగ్గోలు, పైవాళ్ళ చేత నాకు చీవాట్లు. విసిగిపోయి ఓ ఘనకార్యం చేశాను. ఏ తప్పు జరిగినా లోపలే మింగేసి, "మీ అభ్యర్థన అందింది" అని పచ్చగా చూపించేలా ప్రోగ్రాం మార్చాను. ఫిర్యాదులు ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ పచ్చ అక్షరాలు ఆవిడకు చూపించి, "ఇదిగో, అందిందని వాళ్ళే చెబుతున్నారు, ఇక మడతలు మానండి" అన్నాను. పాపం, నన్ను నమ్మి మానేశారు.

ఆ వానాకాలం క్వినైన్ ఇంజక్షన్లు కావాలని ఆవిడ రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ పచ్చగానే వచ్చింది. గోదాముకు మాత్రం ఏదీ చేరలేదు. అప్పుడే మలేరియాతో ఒళ్ళెరగని ఎనిమిదేళ్ళ పిల్లను డోలీలో మోసుకొచ్చారు. పేరు సొంబారి. ఇంజక్షను లేదు. జీపులో కిందికి దింపుతుంటే దారిలోనే పోయింది.

విచారణకు వచ్చిన అధికారి ముందు సన్యాసమ్మగారు, "పేజీ మడత ఎట్టనేదండి. తప్పు నాదే" అన్నారు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. లైను ఎక్కడ తెగిందో, దాన్ని ఎవరు దాచారో అప్పటికే నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు. ఛీ, ఎంత పిరికివాణ్ణి!

ఆవిడను డొంకరాయి వైపు బదిలీ చేశారు. బస్సు ఎక్కుతూ నా వైపు తిరిగారు.

"ఇంకో సోట ఈ పచ్చరాతలు ఎట్టకు బాబూ. ఎల్లనేదంటే ఎల్లనేదని సెప్పు. అప్పుడు మేం ఏటో ఒకటి సేసుకుంటాం."

ఆవిడకు అంతా తెలుసు. తెలిసే తప్పు తన మీద వేసుకున్నారు.

ఇప్పుడు నేను రాసే ఏ ప్రోగ్రాములోనైనా, అవతలినుంచి జవాబు వచ్చేదాకా తెర మూల మడిచినట్టు ఓ గుర్తు ఉంటుంది. జవాబు రాకపోతే మళ్ళీ పంపుతుంది. అప్పటికీ కాకపోతే "వెళ్ళలేదు, వేరే దారి చూడండి" అని తెలుగులో చెబుతుంది. ఆ మడత అందంగా ఉందంటారు ఆఫీసులో కుర్రవాళ్ళు.

కొన్నేళ్ళ తర్వాత నిజమంతా ఒప్పుకుంటూ ఆవిడకు ఉత్తరం రాశాను. జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. ఆ ఉత్తరం నకలు నా డైరీలో ఉంది. ఆ పేజీ మూల ఇంకా మడిచే ఉంది.