మోనిషా చెప్పిన వాక్యం

అత్తిముగం నుంచి హోసూరు వైపున్న తళి దగ్గరి కొండపల్లెకు తెలుగు బడి టీచరుగా వచ్చినప్పుడు మునిలక్ష్మమ్మను అన్నిటికంటే ఎక్కువ విసిగించినవి ఇంగ్లీషులో కాలం చెప్పే మాటలు. యెస్టర్‌డే, టుడే, టుమారో అని పిల్లలు పాడినట్టు అప్పజెప్పేవారు. వాక్యంలో మాత్రం ‘యెస్టర్‌డే ఐ గో’ అనేవారు. పుస్తకంలోని రైలు, సూర్యుడి వాక్యాలు పక్కన పెట్టి ఆమె ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టింది. నిన్న ఈనిన ఆవు, రేపు హోసూరు మార్కెట్టుకు పోయే టమాటా, ఇవన్నీ ఇంగ్లీషులోకి వచ్చాయి. పిల్లలు తొందరగానే పట్టుకున్నారు.

రెండువేల మూడులో, రాగి కోతలకు ముందు, అడవిలోంచి ఏనుగులు దిగాయి. చేనికి కావలి ఉన్న నాగన్నను ఒక ఏనుగు తొక్కి చంపేసింది. అతని కూతురు మోనిషా నాలుగో తరగతి.

కర్మలయ్యాక ఆ పిల్ల బడికొచ్చింది. ఆరోజు పాఠం ‘ఎవ్రీ డే’. తన వంతు రాగానే లేచి, “మై ఫాదర్ గోస్ టు ద ఫీల్డ్ ఎవ్రీ డే” అంది.

ముందు వరసలోంచి విఘ్నేష్ చెయ్యెత్తాడు. “తప్పు టీచర్. వాళ్ళ నాయన సచ్చిపోయినాడు గదా. ‘వెంట్’ అనాల.”

“అవును, ‘వెంట్’ అనాలి” అనేసింది మునిలక్ష్మమ్మ. ఏళ్ల తరబడి తప్పులు దిద్దిన నోరు. అన్నాకగానీ ఏమన్నదో తెలియలేదు.

మోనిషా వాక్యం దిద్దుకుని చెప్పింది. కూర్చుంది. మరునాటి నుంచి బడికి రాలేదు.

వారం చూసి టీచరు ఇంటికి వెళ్ళింది. తల్లి చిక్కమ్మ వాకిట్లో చాప వేసింది. “రోజాపూల షెడ్డుకు కూలికి పోతా ఉండాదమ్మా. నేను వద్దంటే వినలేదు.”

పొద్దుగూకే వేళకు మోనిషా వచ్చింది. చేతుల నిండా ముళ్ల గీతలు.

“నా మీద కోపమా తల్లీ?”

“లేదు టీచర్.” పిల్ల తలుపు చాటుకు జరిగింది. “మా నాయన లేడని అంతవరకు నా నోటితో ఎవురికీ చెప్పలేదు. ఆడికి మళ్ళీ రాలేను.”

మునిలక్ష్మమ్మ ఇంకా చాలాసార్లు వెళ్ళింది. ఆమె గొంతు వినగానే పిల్ల పెరటి దోవన వెళ్ళిపోయేది. చివరికి చిక్కమ్మే, “ఇంక రావద్దమ్మా, నిన్ను చూసిన రోజు అన్నం తినదు” అంది. ఆ తర్వాత టీచరు క్లాసులో ఏ పిల్లనీ ఇంటి సంగతి అడగలేదు. పుస్తకంలోని రైలూ సూర్యుడే మళ్ళీ వచ్చాయి. పిల్లలు మళ్ళీ ‘యెస్టర్‌డే ఐ గో’ అన్నారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు గట్టిగా మందలిస్తే తలవంచుకుని విన్నది.

కొన్నేళ్లకు మత్తిగిరికి బదిలీ అయింది. సామానుతో బస్సు కోసం నిలబడి ఉండగా షెడ్డు వ్యాను ఆగింది. పూలకట్టలు దించుతున్న ఆడవాళ్లలో మోనిషా ఉంది. బాగా ఎదిగింది.

“బాగుండారా టీచర్? యాడికి పోతా ఉండారు?”

మునిలక్ష్మమ్మ చేతిలోని సంచి కింద పెట్టి దగ్గరికి నడిచింది. డ్రైవరు కేకేశాడు. మోనిషా కట్టలు తలకెత్తుకుని వెళ్ళిపోయింది.