చాయ్ మానిన పుణ్యం

సిగరెట్లను నేను కాశీలో వదిలేశాను. గంగ నడిమధ్యన పడవలో నిలబడి నిండు పెట్టెను విసిరితే అది అవతలి ఒడ్డున పడింది. పడవవాడు తెడ్డు వదిలేసి నాకు దండం పెట్టాడు. మాతో వచ్చిన సూర్యాపేట యాత్రికులంతా కళ్ళు తుడుచుకున్నారు.

ఈ ముచ్చట ఇప్పటికి చాలామందికి చెప్పాను. కాగితం మీద పెడుతున్నాను గనుక కొంచెం సరిచేయాలి. పెట్టె నిండుది కాదు, ఖాళీది. అందులోని చివరి సిగరెట్టు ఘాటు మెట్ల మీదే కాల్చేశాను. విసిరింది పడవలోంచి కూడా కాదు, మోకాటిలోతు నీళ్ళలో నిలబడి. అది పోకుండా నా చుట్టే తేలుతుంటే పక్కన స్నానం చేస్తున్న పెద్దమనిషి "గంగల చెత్తేస్తవేందయ్యా!" అని కసిరాడు. తీసి జేబులో పెట్టుకున్నాను. కళ్ళు తుడుచుకున్న మాట మాత్రం నిజం. తుడుచుకున్నది మా ఆవిడ ఒక్కతే.

కాశీకి పోయినవాళ్ళు ఒక పండూ ఒక కూరా గంగకు వదిలి రావడం ఆనవాయితీ. బాగా ఇష్టమైనవి వదలాలి. మనవాళ్ళు వదిలేవి మాత్రం ఎప్పుడూ తిననివి. మా జట్టులో ఒకాయన కాకరకాయ వదిలాడు. ఒకావిడ చాలాసేపు ఆలోచించి, జన్మలో నోట పెట్టని కివి పండు వదిలింది. మా ఆవిడ అట్లాంటి మనిషి కాదు. ఆమె చాయ్ వదిలింది.

చాయ్ ఆమెకు ఏమిటో మీకు తెలియాలి. అల్లం ఆమే దంచాలి. పాలు ఎర్రబడేదాకా మరగాలి. సాసరులో పోసుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా తాగాలి. ఆ కాసేపూ నేను కూడా దూరంగా ఉండేవాణ్ణి. సూర్యాపేట దవాఖానలో డాక్టరు నా ఎక్స్‌రే చూసి మొహం మాడ్చుకున్నరోజున, ఇంటికొచ్చి ఆమె ఒకే మాట అన్నది. "నువ్వు సిగరెట్టు ఇడిసిపెడితే నేను చాయ్ ఇడిసిపెడ్త. కాశీల పెట్టుకుందం ఒట్టు." అట్లా పెట్టుకున్నాం.

తిరిగొచ్చాక మూడు రోజులు పులిలా గడిపాను. నాలుగో రోజు పులి దేవుడి గదిలోకి వెళ్ళి అగరుబత్తి పొగ దగ్గర ముక్కు పెట్టి కూర్చుంది. ఇదంతా గంగమ్మ మహిమ అనుకుని మా ఆవిడ ఇంకో బత్తి వెలిగించి పోయింది.

ఇక లాభం లేదని మర్నాడు మిర్యాలగూడ బస్సెక్కాను. నేను అక్కడి రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు ధాన్యం చూసిన మనిషిని. లారీ దిగిన బస్తాలోంచి ఒక్క గింజ తీసి కొరికితే తేమ ఎంతో చెప్పేవాణ్ణి, మిషన్లు కూడా నన్ను అడిగి ముల్లు తిప్పుకునేవి. సరే, మిషన్ మీద ఒక కన్ను వేశాకే నేను చెప్పేవాణ్ణి. ఇప్పటికీ మిల్లువాళ్ళు సలహాలకు పిలుస్తుంటారని ఇంట్లో చెప్పి బయల్దేరాను. వెళ్ళింది మాత్రం మెడికల్ షాపుకు. సూర్యాపేటలో కొనవచ్చు గానీ అక్కడ షాపుల వాళ్ళంతా మా ఆవిడకు తెలుసు.

నికోటిన్ గమ్ పట్టీ చేతిలో పెడుతూ షాపాయన పాఠం చెప్పాడు. "పెద్దాయనా, ఇది పిల్లలు నమిలే గమ్ లెక్క కాదు. జర నమలాలె, నోట్ల సుర్రుమనంగనే దవడకు పెట్టుకోని ఊకోవాలె. సుర్రు తగ్గినంక మల్ల నమలాలె."

"దవడకు పెట్టుకునుడు నాకు నేర్పుతున్నవా? ముప్పై ఏండ్లు వడ్లు పెట్టుకున్న దవడ ఇది."

"ఇంకో మాట. అది నోట్ల ఉన్నప్పుడు, దానికి ముంగట పావుగంట, ఎన్క పావుగంట, చాయ్ తాగకు. తాగితే మందు ఒంటికి పట్టదు."

నాకు గంటకొకటి కావలసి వచ్చేది, ఒక్కోటి అరగంట నోట్లోనే. లెక్క ప్రకారం చాయ్‌కి సందే లేదు.

గమ్ సంగతి ఇంట్లో చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. మందూ మాకూ లేకుండా, ఒక్క మునకతో మానేశానని అప్పటికే వీధంతా చాటుకున్నాను. అందుకని, బుగ్గలో ఏమిటని అడిగితే దగ్గుకు లవంగం అని చెప్పాను.

ఆ వారంలోనే పక్కింటివాళ్ళు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెచ్చారు. మా ఆవిడ ఎట్లాగూ తాగదు. నా బుగ్గలో అప్పుడే పెట్టిన గమ్ ఉంది. వద్దన్నాను.

"నువ్వెందుకు వద్దంటున్నవ్?" అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

కడుపులో మంటగా ఉందని అంటే సరిపోయేది. నా నాలుక అట్లాంటి చిన్న అబద్ధాలతో తృప్తిపడదు. "నువ్వు తాగనిది నాకెందుకు?" అన్నాను.

ఆమె కొంగు సర్దుకుంది. ఆ సాయంత్రం నేను అడగకుండానే గారెలు వండింది.

అట్లా నాలుగు నెలలు నేను త్యాగమూర్తిగా బతికాను. హాయిగానే ఉంది. కోదాడ వెళ్ళేదాకా హాయిగానే ఉంది.

కోదాడలో మా మరదలు ఇల్లు. వాళ్ళు కూడా కాశీ బయల్దేరుతున్నారు, ఏమేం తీసుకుపోవాలో చెప్పమని అక్కను పిలిచింది. భోజనాలయ్యాక మా తోడల్లుడు చాయ్ గ్లాసుతో కుర్చీలో స్థిరపడ్డాడు. వదలడాల ప్రస్తావన వచ్చింది. మా ఆవిడ తాను చాయ్ వదిలిన సంగతి చెప్పి, అంతటితో ఆగలేదు.

"నేనంటే ఒట్టు పెట్టుకున్న. మీ బావ ఎవ్వలు అడగకముందే మానిండే. నువ్వు తాగనిది నాకెందుకు అన్నడు. నలభై ఏండ్లల్ల నా కోసమని చేసిన పని గిదొక్కటే చెల్లే. గిదొక్కటి చాలు నాకు."

మా మరదలు మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? మా బావను చూడు! నువ్వేం మానేస్తావ్ నా కోసం?"

"కాకరకాయ మానేస్తానే," అన్నాడాయన గాభరాగా.

"అది నువ్వెప్పుడు తిన్నావ్ గనక? ఇవ్వు, ఆ గ్లాసు ఇట్లా ఇవ్వు."

సగం చాయ్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయన నన్ను వసారాలోకి లాక్కుపోయాడు. "అన్నయ్యా, మీకు నేనేం అన్యాయం చేశాను? నాకున్న సుఖం ఆ ఒక్క చాయ్. అసలు ఎట్లా మానారండీ మీరు?"

"మనసు గట్టిగుండాలె తమ్ముడూ. ఎన్కకు సూడొద్దు," అని వెన్ను తట్టాను. ఆ మాట అంటున్నప్పుడు బుగ్గలో గమ్ సుర్రుమంటోంది.

ఆయన బాధ చూస్తే నాకు నవ్వే వచ్చింది, దాచను. తిరుగు ప్రయాణంలో బస్సు కోదాడ దాటాక మాత్రం మా ఆవిడ మాట ముల్లులా గుచ్చడం మొదలుపెట్టింది. నలభై ఏండ్లల్ల గిదొక్కటే. అంత అన్యాయమా అనుకుని, ఆమె కోసం నేను చేసిన ఇంకో పని ఏదైనా గుర్తు తెచ్చుకుందామని చూశాను. పట్టుచీర గుర్తొచ్చింది. అది ఆమె తమ్ముడు పెట్టింది. దవాఖానకు తీసుకుపోయిన రోజు గుర్తొచ్చింది. ఆమే నన్ను తీసుకుపోయింది. పక్కన ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ, తనలో తనే చిన్నగా నవ్వుకుంటోంది. ఉన్నది ఒక్కటి, అదీ దొంగది.

మునగాల దగ్గర బస్సు టైరు పంచరైంది. డ్రైవరు అందర్నీ దింపేశాడు. దిగినచోట రోడ్డు పక్కన దాబా, దాని ముందు పెద్ద గిన్నెలో మరుగుతున్న అల్లం చాయ్. ప్రయాణికులంతా అటే పోయారు. మేమిద్దరం కాస్త ఎడంగా బెంచీ మీద కూర్చున్నాం. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. ఆమె కళ్ళు మూసుకుని ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

"నా నోట్ల ఉన్నది లవంగం కాదు," అన్నాను.

"ఎర్కే. లవంగం వాసన నాకు తెల్వదా? పన్ను నొప్పి గోలీనేమో అనుకున్న."

"సిగరెట్టు యాదికి రాకుంట నమిలే గమ్. మెడికల్ షాపుల ఇస్తరు. మిర్యాలగూడ పోయేది అందుకే."

"మందే గద, మంచిదే. దానికి దొంగతనమెందుకు?"

ఇంత సులువుగా అయిపోయేసరికి, నేను అక్కడితోనే ఆగిపోయే ప్రమాదం వచ్చింది. ఆగలేదు. "అది నోట్ల ఉంటే చాయ్ తాగొద్దు, ఊసినంక గుడ పావుగంట ఆగాలన్నరు."

ఆమె నావైపు తిరిగింది. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ రెంటికీ మధ్య ఆమె మొహం చూడటం కంటే ఎక్స్‌రే చూడటం నయం.

"అంటే, నా కోసం కాదా?"

"కాదు."

రోడ్డు మీద సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. చివరికి అన్నది: "నా చెల్లె ముంగట ఎంత గొప్పగ చెప్పిన."

ఇంకాసేపటికి, "ఊసెయ్," అన్నది. గమ్ కాగితంలో చుట్టి పారేశాను. "ఎంతసేపు ఆగాలన్నరు? పావుగంటనా? ఆగుదం." డ్రైవరు జాకీతో కుస్తీ పడుతున్నాడు. టైముకు కొదవ లేదు. పావుగంటయ్యాక ఆమే లేచి వెళ్ళి ఒక్క గ్లాసు చాయ్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తాగు."

"నాకొద్దు."

"నా కోసం మానలే గద, తాగనీకేం? నా ముంగట కూసోని తాగు."

ఆ చాయ్ నా గొంతులో విషంలా దిగింది. కాదు, అబద్ధం. నాలుగు నెలల తర్వాత అంత మంచి చాయ్, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె వాటిని పశ్చాత్తాపం అనుకుంది. కొంత అదీ ఉంది. సగం తాగి బెంచీ మీద పెట్టాను. ఆమె గ్లాసు మీదికి వంగి వాసన చూసింది.

"అల్లం సరిగ దంచలే," అని మొహం చిట్లించి, నా వైపు చూసి, ఇక ఆపుకోలేక నవ్వింది. "నీ త్యాగం పాడుగాను! పాపం మా మరిది చాయ్ పోయె గద నీ ఎన్కబడి!"

"రేపట్నుంచి నిజంగ ముట్ట. ఒట్టు."

"ఆ గమ్ నోట్ల ఉన్నన్ని దినాలు ఎట్ల నమ్మాలె? నా కోసం మానినవో, మందు కోసం మానినవో ఎవలికెర్క?" బస్సు హారన్ కొట్టింది. ఆమె లేచింది. "చెల్లెకు నేను చెప్ప. నువ్వు చెప్పకు. చెప్పిన మాట నిజం చేసి సూపియ్."

డాక్టరును అడిగాను. ఒక్కసారి ఆపవద్దు, మెల్లగా తగ్గించమన్నాడు. గంటకొకటి రెండు గంటలకొకటైంది. ఇప్పుడు పొద్దున టిఫిన్ తర్వాత ఒకటి, మధ్యాహ్నం అన్నం తర్వాత ఒకటి. అవి కూడా పోవాలి, ఇంకా పోలేదు. సాయంత్రం నాలుగింటికి పక్కింట్లో చాయ్ మరిగే వేళకు నా నోరు ఖాళీగా ఉంటుంది. మా ఆవిడ వచ్చి "ఏదీ, నోరు తెరువు," అంటుంది. బస్తాలో ధాన్యం చూసినట్టు రెండు దవడలూ పరీక్షించి, ఏమీ లేదని తేల్చుకుని, కిటికీ దగ్గరికి పోయి కూర్చుంటుంది. ఈమధ్య ఆ పక్కనే నాకూ కుర్చీ వేస్తోంది.

మొన్న గమ్ పట్టీ కోసం మిర్యాలగూడ వెళ్ళినప్పుడు బస్టాండులో చాయ్ గ్లాసు చేతికి తీసుకున్నాను. వాసన చూశాను. అల్లం బాగా దంచాడు, పాలు ఎర్రగా మరిగాయి. గ్లాసు తిరిగి ఇచ్చేస్తే చాయ్‌వాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఇంటికి వచ్చి ఆ చాయ్ ఎట్లా ఉందో మా ఆవిడకు వివరంగా చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నది.

ఒక్క గుక్క తాగే ఉంటాడని మీరు అనుకుంటున్నారు. తాగలేదు. ఈ ఒక్కచోట సరిచేయవలసింది ఏమీ లేదు.