రాజన్న వెనుక పధ్నాలుగు కిలోమీటర్లు

నేను పుట్టుకతోనే అలసిపోయిన మనిషిని. పుట్టగానే ఏడవమని మంత్రసాని వీపు మీద తడితే, ఒకసారి ఏడ్చి, ఇక చాలన్నట్టు ఆవులించానని మా అమ్మ చెప్పేది. అటువంటివాడిని ఒక చలికాలపు ఆదివారం పొద్దున, ముఖ పరిచయం కూడా లేని ఒక మంచి మనిషిని పధ్నాలుగు కిలోమీటర్లు తరిమి, ఆయన ఇంట్లో ఏడుపులు పెట్టించి, ఊరు ఊరంతటినీ కర్రలతో బయటికి రప్పించాను. అదీ సైకిలు మీద. మీకు నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం అక్కడ నవ్వినవాళ్ళెవరూ లేరు.

ఏడేళ్ళ కిందటి మాట. వరంగల్‌లో ఒక సర్కారు హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను. అప్పుడు నా వయసు నలభై ఒకటి, నడుము కొలత కూడా అటూ ఇటుగా అంతే. ఒకసారి దవాఖానకు వెళితే డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, నన్ను చూసి, మళ్ళీ కాగితం చూసి, "సార్, దినాం ఏదన్న కదిలే పని చేస్తరా?" అని అడిగాడు.

"బోర్డు తుడుస్త" అన్నాను.

ఈ సంగతి మా బళ్ళో వ్యాయామం సారు రాజేందర్‌కు చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడు గనుక రాజన్న అని పిలుస్తాను. చలికాలంలో కూడా చొక్కా చేతులు మడిచి తిరిగే రకం.

"వాకింగ్ ముసలోళ్ళ పని. మనం సైకిల్ తొక్కాలె" అన్నాడు. "ఆయితారం ఆయితారం మబ్బుల ఐదింటికే లేసి నర్సంపేట రోడ్డు మీద పోయొద్దాం. రెండు నెలలల్ల నీ పొట్ట పత్తా లేకుంట పోతది."

మాఘమాసపు చలి మంటలో పడ్డా పోదంటారు పెద్దలు. సైకిలెక్కితే పోతుందని రాజన్న అన్నాడు. పెద్దల మాట వదిలేసి రాజన్న మాట విన్నాను.

ఆ ఆదివారం అలారం ఐదింటికి మోగింది. దుప్పటిలోంచి ఒక చెయ్యి బయటపెట్టి చూశాను. చెయ్యి వద్దంది. అయినా లేచాను. సైకిలు తొక్కేవాళ్ళు వేసుకునే బిగుతైన నల్ల పాంటు వేసుకున్నాను. మంకీ క్యాప్ పెట్టి, దాని మీద హెల్మెట్ పెట్టాను. హెల్మెట్‌కు ముందు ఒక లైటు బిగించాను.

మా ఆవిడ సరిత దుప్పట్లోంచి తల మాత్రం బయటికి పెట్టి చూసింది. "కాళ్ళకు తారు పూసుకున్నరా ఏంది?"

"ఇది సైకిల్ పాంటు."

"బయట ఇగం పెడతాంది. గట్లనే పోతాండ్రా? ఆ బీరువల శాలువ కప్పుకొని పోండ్రి."

అది సన్మానంలో కప్పిన తెల్ల శాలువా. ఎందుకు కప్పారో చెప్పక తప్పదు. ఊరూరా తిరిగి, దయ్యాలు లేవు, భూతాలు లేవు, అంతా మూఢనమ్మకమని ఉపన్యాసాలు చెప్పినందుకు కప్పారు. దాన్ని మెడ దగ్గర పిన్నీసుతో బిగించుకుని బయలుదేరాను.

ఊరి చివర పెట్రోల్ బంకు ముందు ఆరింటికి కలవాలని మా ఒప్పందం. ఆరయ్యింది, ఆరుంపావయ్యింది, రాజన్న జాడ లేదు. మంచు ఎంత దట్టంగా ఉందంటే, నా సైకిలు ముందు చక్రం నాదేనా, ఎదురుగా వచ్చినవాడిదా అని అనుమానం వచ్చేట్టుంది. ఇంటికి పోయి పడుకుందామని హాయిగా నిర్ణయం తీసుకునే లోపల, నా పక్కనుంచి ఒక సైకిలు సర్రున వెళ్ళిపోయింది. మనిషి ఆనలేదు. వెనుక మిణుకు మిణుకుమంటూ ఒక ఎర్రదీపం మాత్రం కనిపించింది.

అటువంటి దీపమే రాజన్న ముందురోజు తన సైకిలుకు బిగించుకుని, స్టాఫ్‌రూం ముందు నాకు మూడుసార్లు వెలిగించి చూపించాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? సైన్సు టీచర్ని కదా, ఒక్క ఆధారంతో సిద్ధాంతం తయారు చేసేశాను. మంచులో నన్ను చూడకుండా రాజన్న ముందుకు పోతున్నాడు!

"రాజన్నా!" అని అరిచాను.

దీపం ఒక్క క్షణం తడబడింది. తర్వాత వేగం పెంచింది.

నన్ను ఆటపట్టిస్తున్నాడన్నమాట. పౌరుషం వచ్చింది. అలసిపోయిన మనిషికి పౌరుషం రాకూడదు. వస్తే అది మలేరియా కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. నేనూ తొక్కాను.

"రాజన్నా! జర ఆగే!"

దీపం ఇంకా వేగం పెంచింది.

"ఓ రాజన్నా!" మూడోసారి పిలిచాను. జవాబు లేదు. వెనక్కి ఒక్కసారి తిరిగి చూసినట్టనిపించింది, అంతే. ఆ తర్వాత ఆ సైకిలు పోయిన పోకడ చూస్తే మోటారు బిగించారేమో అనిపించింది.

రెండు కిలోమీటర్లయ్యేసరికి నా ఊపిరి ముందు పోతోంది, నేను వెనుక పోతున్నాను. ఐదు కిలోమీటర్లయ్యేసరికి మోకాళ్ళు నాతో మాట్లాడటం మానేశాయి. ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకుందామంటే వేళ్ళకు స్పర్శ లేదు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్న పెద్దమనిషికి మనసులోనే దండం పెట్టాను. ఆగిపోదామనుకున్నాను. కానీ సోమవారం స్టాఫ్‌రూంలో రాజన్న ఏమంటాడో వినిపించింది. "ఐదు కిలోమీటర్లకే సారు పని ఖతమైంది" అంటాడు, లెక్కల టీచరు నవ్వుతాడు. మళ్ళీ తొక్కాను.

కోపం కూడా వచ్చింది. ఉన్న శక్తంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాను. "ఎంత దూరం పోతవో పో! నిన్ను ఇడిశిపెట్ట! నీ ఇంటి దాక వస్త!"

ముందు నుంచి "అమ్మా!" అని వినిపించింది. చలికి అన్నాడేమో అనుకున్నాను.

దీపం పెద్ద రోడ్డు దిగి కాలువ కట్ట మీదికి మళ్ళింది. అడ్డదోవ తెలిసినట్టుంది, ఎంతైనా వ్యాయామం సారు అనుకుంటూ నేనూ మళ్ళాను. తుమ్మకంప ఒకటి శాలువా అంచు పట్టుకుని లాగింది. లాక్కుని పోయాను. పత్తిచేన్లు, గడ్డివాములు, ఒక బర్రె, ఒకదాని వెంట ఒకటి మంచులోంచి వచ్చి మంచులోకే పోయాయి. చివరికి ఇళ్ళు కనిపించాయి. దీపం ఒక రేకుల ఇంటి వాకిట్లోకి దూసుకుపోయి, ధడాలున కింద పడింది.

"కొమురమ్మా! తలుపు తియ్యే! కొరివి దయ్యం! నా ఎంటనే వస్తాంది!"

ఆ గొంతు రాజన్నది కాదు.

ఆపుదామని బ్రేకు నొక్కాను. చలికి కొంకర్లు పోయిన వేళ్ళు మాట వినలేదు. నేరుగా ఆ వాకిట్లోకే వెళ్ళి, కట్టెల మోపుకు గుద్దుకుని ఆగాను. దిగే ఓపిక లేక సైకిలు మీదే వంగి "హూ... హూ..." అని రొప్పుతున్నాను. నోట్లోంచి పొగలు, నెత్తి మీద వెలుగు, ఒంటి మీద తెల్లగుడ్డ, కింద నల్ల పాంటు మంచులో కలిసిపోయి కాళ్ళే లేవు. నన్ను నేనే చూసి ఉంటే నా ఉపన్యాసాలన్నీ వెనక్కి తీసుకునేవాణ్ణి.

నిమిషంలో వాకిలి ఊరి జనంతో నిండింది. కర్రలు వచ్చాయి, పారలు వచ్చాయి, ఒక ముసలమ్మ వేపమండ తెచ్చింది.

"కాళ్ళు చూడుండ్రి, ఎనుకకున్నయా?" అని ఎవరో అన్నారు.

"నేను మనిషినే!" అన్నాను. గొంతు పూడుకుపోయి అది మనిషి గొంతులా రాలేదు. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. హెల్మెట్ తీశాను. కింద మంకీ క్యాప్ ఉంది. అదీ తీశాను. అప్పుడు ముసలమ్మ దగ్గరికొచ్చి వేపమండతో నా బట్టతల మీద ఒకటి వేసి, "మనిషే" అని తేల్చింది.

ఆ తమాషా అక్కడితో ఆగిపోయింది. కింద కూర్చున్న మనిషి ఛాతీ పట్టుకుని ఉన్నాడు. అరవై ఏళ్ళకు దగ్గర వయసు, సన్నటి మనిషి, ఒంటి మీద వాచ్‌మన్ ఖాకీ కోటు. భార్య కొమురమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని నన్ను చూసి ఏడుస్తోంది. "రెండేండ్ల కింద గుండెకు స్టంటు ఏసిండ్రయ్యా! ఉరుకొద్దన్నరు, భయం, బుగులు పడొద్దన్నరు. ఏం పాపం జేసిండని తరిమినవ్?"

అంతవరకు నాకున్న అలసట ఏమైపోయిందో తెలియదు. నేనే ఆయన భుజం కింద చెయ్యి వేసి లేపి, ఇంకొకరి సాయంతో రెండిళ్ళ అవతల ఉన్న ఆరెంపీ డాక్టరు ఇంటికి తీసుకుపోయాను. ఆ రెండిళ్ళ దూరం నాకు పధ్నాలుగు కిలోమీటర్ల కంటే ఎక్కువనిపించింది. డాక్టరు ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటున్నంతసేపు, దేవుడు లేడని కూడా అప్పుడప్పుడు చెప్పిన నేను ముగ్గురు దేవుళ్ళకు మొక్కుకున్నాను.

"రాజయ్యా, నీకేం కాలే" అన్నాడు డాక్టరు. "నాడి మంచిగుంది. బీపీ మంచిగుంది. దినాం తొక్కుతానవు కదా, గుండె గుర్రం లెక్కుంది."

అప్పుడు తెలిసింది ఆయన పేరు రాజయ్య అని. పత్తి మిల్లులో రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి పోతున్నాడు. లారీలకు కనపడాలని సైకిలుకు ఎర్రదీపం పెట్టుకున్నాడు. ఊళ్ళో చాలామంది రాజన్న అనే పిలుస్తారు.

"నన్ను క్షమించు రాజయ్యా. వేరే రాజన్న అనుకున్న" అన్నాను.

"నీ తప్పేం లేదు సారూ" అన్నాడు నీరసంగా. "మంచుల ఎనుకకెల్లి ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే పలుకొద్దని మా నాయిన చెప్పిండు. మూడుసార్లు పిలిస్తే అది దయ్యమే అన్నడు. నువ్వు లెక్కపెట్టినట్టు మూడే పిలిస్తివి. తిరిగి చూస్తే కాళ్ళు లేవు. ఆఖరికి ఇంటి దాక వస్తనంటివి. నేనేం జెయ్యాలె?"

"ఇంతకు మీరేం పని చేస్తరు సారూ?" అని అడిగాడు డాక్టరు.

"సైన్సు టీచర్ని."

డాక్టరు నా శాలువా వంకా, నల్ల పాంటు వంకా చూశాడు. ఆ చూపే ఎక్కువ బాధించింది.

ఊరికే ఉండలేక డాక్టరు నాకూ బీపీ చూశాడు. చూసి, మళ్ళీ గాలి కొట్టి చూశాడు. "రాజయ్యా, నువ్వు జర మంచం దిగు. సారును పండవెడదాం." నాకు గ్లూకోజు సీసా తగిలించారు. రాజయ్య పక్కన కూర్చుని ఆ సీసా ఊగకుండా పట్టుకున్నాడు. కొమురమ్మ అల్లం చాయ తెచ్చింది. ఆమె మొహంలో కోపం ఇంకా తగ్గలేదు. "దయ్యమైతేంది, మనిషైతేంది, ఇంటికొచ్చినంక చాయ పొయ్యాలె కదా" అంటూ గ్లాసు నా చేతికిచ్చింది. సిగ్గుతో తాగాను. ఆ చాయ అంత బాగుండటం కూడా నాకు శిక్షలాగే అనిపించింది.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది. రాజేందర్.

"తమ్మీ, ఇప్పుడే లేసిన. చలికి దుప్పటి ఇడవబుద్ధి కాలే. నువ్వు గూడ పండుకున్నవనుకో, ఏం ఫికర్ లేదు."

ఏమన్నానో ఇక్కడ రాయను. గ్లూకోజు ఎక్కుతున్న మనిషి అనే మాటలు కావవి.

తిరిగి సైకిలు తొక్కే స్థితిలో నేను లేను. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తీసుకుపోతున్న ట్రాలీ ఆటోలో సైకిలును పైన కట్టి, నన్ను బస్తాల మధ్య సర్దారు. ఎక్కేముందు రాజయ్యకు నా నంబరు రాసిచ్చి, ఆయనది నా ఫోన్లో ఎక్కించుకున్నాను. "ఛాతిల జర నొప్పనిపించినా సరే, ఏ టైంకైనా ఫోన్ చెయ్యి, దవాఖానకు నేను తీసుకపోత" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. తర్వాత దారంతా తుమ్ముతూనే ఉన్నాను. మిర్చి ఘాటుకు కళ్ళు కుంకుడు రసం పడ్డట్టు ఎర్రబడి, నీళ్ళు కారుతూ ఇల్లు చేరాను.

సరిత తలుపు తీసి బెదిరిపోయింది. "ఏడుస్తాండ్రా? ఎవలేమన్నరు?"

"ఎవలేమనలే. మిర్చి."

"సైకిల్ తొక్కవోతే మిర్చి ఎందుకొచ్చింది?"

చెప్పే ఓపిక లేదు. సోమవారం నుంచి గురువారం దాకా మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగాను, కాళ్ళు ముందుకు వంగలేదు. ప్రతి పూటా ఫోన్ వంక చూసేవాణ్ణి. రాజయ్య నుంచి ఏమీ రాలేదు. కొంచెం కొంచెంగా భయం తగ్గింది.

మరుసటి ఆదివారం పొద్దున ఆరింటికి ఫోన్ మోగింది. రాజయ్య! మంచం మీద లేచి కూర్చుని, "రాజయ్యా, ఏమైంది? నొప్పా? అక్కడనే ఉండు, అంబులెన్సు తెస్త!" అన్నాను.

"నొప్పేం లేదు సారూ. పానం మంచిగుంది. నీతోని ఒక చిన్న పని పడ్డది."

"చెప్పు."

"నేను ఇంటికి పోవాలంటె గంటన్నర పడుతది. మొన్న నువ్వు ఎనుకవడితె ముప్పావుగంటల పోయిన. ఇంట్ల వేడి వేడి చాయ దొరికింది. డాక్టరు గూడ గుండెకు మంచిదే అన్నడు. ఒక్కన్ని తొక్కుతె గట్ల స్పీడస్తలేదు. జర ఎనుకకెల్లి రారాదు? ఈసారి బుగులు పడ, నువ్వేనని ఎరుకే. కాని మొన్నటి లెక్కనే మొత్తుకోవాలె."

ఫోన్ ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి పైకెత్తి, గొంతు సవరించుకుని, పక్కన సరిత సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేశాను. "రాజయ్యా, విను. మొహం చూడనిదే మనిషిని పేరు పెట్టి పిలువ. శాలువ కప్పుకొని గడప దాట. మాఘమాసంల సైకిల్ ముట్ట. నేను బతికున్నన్ని రోజులు ఎవల వెంటా పడ. ఒట్టు!"

అవతల రాజయ్య ఓపికగా అంతా విన్నాడు.

"సరే సారూ" అన్నాడు. "ఒట్టు రేపటి సంది పెట్టుకో. నేను బంకు కాడనే నిలవడ్డ."