చిన్నమ్మ చెలమ

మొన్న ఆదివారం పక్కింటావిడ మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి, మీ ఊరు చూపిస్తున్నారు అమ్మమ్మా అంటే, కళ్ళజోడు వెతుక్కుని మరీ ముచ్చటగా చూశాను. హైదరాబాదు వాళ్ళు శని ఆదివారాల్లో చూసి రాదగ్గ చోట్లట. భద్రాచలం గుడి అయింది, పర్ణశాల అయింది, ఆ తర్వాత చర్ల దారిలో మా గూడెం పక్కనున్న వాగు వచ్చింది. ఆ ఇసుకలో, బావికి దింపినట్టు గుండ్రటి సిమెంటు ఒర దింపిన ఒక గుంట, ఒర చుట్టూ పసుపూ కుంకుమా, పక్కన నిలబడి ఇది సీతమ్మ తల్లి స్వయంగా తోడిన చెలమ అని గొంతు చించుకుంటున్న ఒక కుర్రాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చెలమ తోడింది మా చిన్నమ్మ.

మన ఈడు వాళ్ళకు చెలమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు గాని, ఆ కుర్రాడికి చెప్పేవాళ్ళు లేకపోయినట్టుంది. ఎండాకాలం వాగు పైకి ఎండినా ఇసుక కింద నీళ్ళుంటాయి. అమ్మ కూలికి పోతే నేను చిన్నమ్మ కొంగు పట్టుకుని వాగుకు పోయేదాన్ని. కింద ఉన్నవి తాగే నీళ్ళు కాబట్టి చెప్పులు ఒడ్డునే విడిచేవాళ్ళం. చిన్నమ్మ కూర్చుని చేతులతో ఇసుక తోడి, ముందు ఊరిన బురద నీళ్ళు ఎత్తిపోసి, మళ్ళీ ఊరేదాకా ఓపిగ్గా ఆగేది. ఆ తేట నీళ్ళను సొరకాయ బుర్రతో బిందెలోకి ముంచుకున్నాక గుంట మీద మోదుగాకులు కప్పి, బుర్రను పక్కనే బోర్లించి వచ్చేది. తునికాకు కోతకు పోయేవాళ్ళు, కట్టెల మోపుతో వచ్చేవాళ్ళు ఆ బుర్ర కనిపిస్తే చాలు, ఆకులు తీసి తాగి, మళ్ళీ కప్పి పోయేవాళ్ళు. తెల్లారేసరికి ఇసుక పూడితే పక్కన ఇంకొకటి తోడుకోవడమే. చెలమ అంటే ఎప్పటికప్పుడు తోడుకునేదే తప్ప, ఒకచోట కట్టి ఉంచుకునేది కాదు.

మేమూ ఊళ్ళు తిరిగాం. బండి కట్టుకుని, చింతపండు పులిహోర మూట గట్టుకుని పర్ణశాలకు పోయి, దారిలో ఏ వాగు కనిపిస్తే ఆ వాగులో చెలమ తోడుకుని తాగి, రాత్రికి ఇల్లు చేరేవాళ్ళం. మేం పోయొచ్చిన చోట ఆకు విస్తరి తప్ప మరేమీ మిగిలేది కాదు, దాన్నీ మేకలు నమిలేసేవి.

తర్వాత నేను ఖమ్మం దవాఖానాలో నర్సుగా చేరి అక్కడే ఉండిపోయాను. నాలుగైదేళ్ళ కింద పట్నం కార్లు మొదటిసారి వాగు దగ్గర ఆగినప్పుడు, పాపం ఎండన పడి వచ్చారని చిన్నమ్మ వాళ్ళ కోసం కొత్త చెలమ తోడి నీళ్ళిచ్చిందట. మా వాళ్ళు చేసే తప్పు అదే. వచ్చినవాడు ఎవడని అడగకముందే నీళ్ళు ముంచుతారు. తాగినవాళ్ళు ఫొటోలు తీసుకుపోయారు, ఆ ఫొటోలు చూసి ఇంకొందరొచ్చారు, వాళ్ళలో ఎవడో మహానుభావుడు ఈ గుంట పూడిపోకూడదని ఒర దింపించాడు. చెలమకు ఒర! తోడేవాళ్ళు లేక నీళ్ళు పాచి పట్టాయి, పైగా అందులో చిల్లర వేసి దండాలు. గూడెంలో బోరు ఎండిపోతే ఇప్పటికీ ఆ వాగే దిక్కు. అలాంటి చోట బిందెలతో వచ్చిన ఆడవాళ్ళను ఫొటోకు అడ్డమొస్తున్నారు జరగమన్నారంటే, వాళ్ళను ఏమనాలో నాకు తెలిసిన తిట్లు చాలవు.

ఆ కోపంతోనే, ఫోనులో చూసిన మర్నాడు గూడేనికి బస్సెక్కాను. ఒర చుట్టూ సీసా పెంకులు, ప్లాస్టిక్ పళ్ళేలు. చిన్నమ్మ ఒడ్డున చెప్పులు విడవకుండానే ఇసుకలోకి దిగింది. ఇంతమంది ఊరుకుంటే ఎట్లా, ఆ ఒర పగలగొట్టించరేం అని అరిచాను.

"గంత కోపమెందుకు బిడ్డా? ఒకటి పలగ్గొడితే ఇంకోటి పెడ్తరు. నువ్ జల్దీ నడువు, ఎండ ముదురుతాంది," అని ఆమె బిందెతో వాగు ఎగువకు దారితీసింది. ఒర దగ్గరున్నవాళ్ళకు కనబడనంత దూరం, పొదల చాటుకు తీసుకుపోయింది. అక్కడ మాత్రం చెప్పులు విడిచింది. నన్నూ విడవమంది. తోడి, ఎత్తిపోసి, ఆగి, ముందు నాకే బుర్రతో అందించింది. నీళ్ళు చిన్నప్పటిలాగే చల్లగా ఉన్నాయి. తాగుతుంటే కోపం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

బిందె నిండాక ఆకులు కప్పింది. ఆకుల మీద ఇసుక పోసి చదును చేసింది. మా అడుగుల జాడ కూడా ఒక కొమ్మతో చెరిపేసి, "ఎవ్వరికి చెప్పకు బిడ్డా," అంది.

దారిన పోయే ప్రతివాడికీ నీళ్ళున్నాయని తెలియాలని బుర్ర బోర్లించి వచ్చిన మనిషి, ఆ రోజు బుర్రను కొంగు కింద దాచుకుని ఇంటికి తెచ్చుకుంది.