ఖాజీ సాబ్ చెప్పులు, పచ్చ పిన్ను

కంప్యూటర్ గదిలోకి వెళ్ళాలంటే గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించి మాట్లాడే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు మా పిల్లలు పప్పన్నం తింటూ అదే చేత్తో ల్యాప్‌టాప్ మూసేస్తుంటే చూసి ఊరుకుంటున్నాను గానీ, అప్పట్లో ఆ యంత్రం ముందు నాకున్నంత భయభక్తులు తర్వాత మా అత్తగారి ముందు కూడా కలగలేదు. అందులో నా తప్పు కొంచెమే. నేను సిరిసిల్లలో సాంచల చప్పుడు మధ్య పుట్టినదాన్ని (మరమగ్గాలను మా దగ్గర సాంచలంటారు). మా నాన్న నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన పాఠం ఒక్కటే: "నడిచే సాంచల చెయ్యి పెట్టద్దు బిడ్డా. ముందుగాల బంద్ చెయ్యి, గప్పుడు ముట్టు." చూపుడువేలు కొస లేని చెయ్యి ఊపుతూ చెప్పేవాడు కాబట్టి ఇక ఎదురు ప్రశ్న ఉండేది కాదు. తర్వాత జగిత్యాలలో కంప్యూటర్ నేర్చుకోవడానికి వెళ్తే అక్కడి సారుదీ అదే మాట. "మెషిన్ ఆన్‌ల ఉండంగ వైరు గుంజిండ్రో, మదర్‌బోర్డు ఖతం." ఎవరో అబ్బాయి అలాగే కీబోర్డు వైరు పీకితే ఆ మెషిన్ మళ్ళీ లేవలేదట. అంతే, నా లెక్కలో కంప్యూటర్ కూడా ఒక రకం సాంచే అయిపోయింది.

ఈ జ్ఞానమంతా మూటగట్టుకుని నేను కోరుట్లలో మేనత్త ఇంట్లో ఉంటూ ఒక నెట్ సెంటర్‌లో ఉద్యోగానికి చేరాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళతో మాట్లాడటానికి వచ్చేవాళ్ళే మాకు ఎక్కువ. "స్పీకర్లు పెట్టమ్మా" అని ఎవరైనా అడిగితే నేను మెషిన్ మొత్తం షట్‌డౌన్ చేసి, తెర పూర్తిగా నల్లబడిందో లేదో వంగి చూసి, అప్పుడు పిన్ను పెట్టి, మళ్ళీ ఆన్ చేసేదాన్ని. అది లేచేసరికి అవతలి దుబాయి మనిషి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. మా ఓనరన్న తల పట్టుకునేవాడు గానీ, అలా చేయొద్దని చెప్పేంత ధైర్యం ఆయనకూ లేదు. ఎందుకంటే వైర్ల సంగతి ఆయనకూ తెలియదు.

అలాంటి సెంటర్‌లో ఒక నిఖా జరగాల్సి వచ్చింది. మా వెనక వీధి టైలర్ చాచా కూతురికి సౌదీలో ఉన్న అబ్బాయితో సంబంధం కుదిరింది. అబ్బాయికి సెలవు దొరకలేదు. ఫోన్లో చేద్దామంటే ఖాజీ సాబ్ ఒప్పుకోలేదు. "గొంతు ఎవరిదో ఏందో. మొఖం కనవడాలె, మాట మా చెవులల్ల వడాలె" అన్నారు. అందుకని ఒక శుక్రవారం మధ్యాహ్నం సెంటర్ మొత్తం వాళ్ళకే ఇచ్చాం. మూలనున్న కేబిన్‌కు దుప్పటి తెర కట్టి ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. ముందు కొత్త కంప్యూటర్ చుట్టూ ఖాజీ సాబ్, సాక్షులు, చాచా. ఓనరన్న ఏదో సామాను తేవడానికి పొద్దున్నే జగిత్యాల వెళ్ళాడు. "నువ్వున్నవ్ గదా" అని ధైర్యంగా వెళ్ళాడు పాపం.

పదే పదే తెగిన లైను చివరికి కలిసింది. తెర మీద పెళ్ళికొడుకు మెడలో పూలదండతో, అక్కడి నెట్ సెంటర్ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఊరికి దూరంగా ఉన్న క్యాంపు నుంచి కంపెనీ బండిలో వచ్చాడు. ఆ బండి కదిలిందంటే మళ్ళీ నెట్ లేని ఇసుకలోకే. ఇటు అమ్మాయి సమ్మతి అడిగి వచ్చారు. ఇక 'కబూల్', అంటే ఒప్పుకున్నానని, అబ్బాయి నోటి మాటే మిగిలింది. ఖాజీ సాబ్ గొంతు సవరించుకుని అడిగారు. సరిగ్గా అప్పుడే స్పీకర్లు ఒకసారి గుర్రుమని, నోరు మూసుకున్నాయి.

తెర మీద అబ్బాయి పెదవులు కదిలాయి. మాట మాత్రం రాలేదు.

"అన్నడా?" అని ఒక సాక్షి. "అన్నట్టే ఉన్నది" అని ఇంకో సాక్షి. చాచా స్పీకరుకు చెవి ఆనించి, "పెదవులు కదిలినయ్ గద సాబ్" అన్నాడు ఆశగా. "పెదవులతోని నిఖా అయితదా మియా?" అన్నారు ఖాజీ సాబ్. మా మాట అటు వినిపిస్తున్నట్టుంది, అబ్బాయి గబగబా టైపు చేశాడు: 'నా మాట వస్తలేదా? రాసి పంపుదునా?' నేను చదివి వినిపిస్తే ఖాజీ సాబ్ తల అడ్డంగా ఊపారు. రాత పనికిరాదు, సాక్షులందరూ ఒకేసారి చెవులతో వినాలి.

"పక్క కేబిన్ స్పీకర్లు మంచిగనే ఉన్నయి గదా బిడ్డా, గవి పెట్టు జల్దీ" అన్నాడు చాచా.

"పెడ్త చాచా. గానీ ముందుగాల మెషిన్ బంద్ చెయ్యాలె."

"బంద్ చేస్తే?"

"లైన్ పోతది."

"మళ్ళ వస్తదా?"

ఓనరన్నకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇంతలో తెర మీద ఇంకో వరుస వచ్చింది: 'అక్కా, బండోడు హారన్ కొడుతుండు.' (నాకంటే పెద్దవాడే. ఆపదలో అందరూ అక్కలే.) వైరు పీకి మదర్‌బోర్డు కాలితే ఉద్యోగం పోతుంది, అది సరే. కానీ ఒక పెళ్ళి నా చేతి మీదుగా ఆగిపోతుందే! మూల కేబిన్ సందులోంచి గోరింటాకు పెట్టిన వేళ్ళు దుప్పటి అంచును నలుపుతూ కనిపిస్తున్నాయి. ఆ వేళ్ళను చూడకుండా ఉండాల్సింది, చూసేశాను. ఇక ఊరుకోలేకపోయాను.

కరెంటు పనికి రబ్బరు చెప్పులు ఉండాలని ఎక్కడో విన్నాను. బయటికి పరుగెత్తి, చేతికందిన జత తొడుక్కుని వచ్చాను. అవి నా కాళ్ళకు రెండింతలున్నాయి. "అవి నావి బిడ్డా" అన్నారు ఖాజీ సాబ్ నెమ్మదిగా. "ఉండనీయిండ్రి సాబ్" అన్నాను. అందరినీ గోడదాకా జరిపాను. సౌండును సున్నాకు తగ్గించాను. స్పీకర్ల స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాను. తర్వాత మెషిన్ వెనక్కి వంగి, పచ్చ రంగు రంధ్రంలో ఉన్న పిన్నును, వైరు పట్టి గుంజకుండా, తలకాయ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని లాగాను. (సరైన పద్ధతి కూడా అదేనని తర్వాతెప్పుడో తెలిసింది. తెలివితో చేయాల్సిన పనంతా నేను భయంతో చేశాను.) నిప్పురవ్వ కోసం, పొగ వాసన కోసం అలాగే కాచుకుని ఉన్నాను.

"కండ్లు తెరువు బిడ్డా" అన్నాడు చాచా. "పిలగాడు ఉన్నడు."

ఉన్నాడు. దండ సర్దుకుంటూ, రెప్పలు కొడుతూ, చెక్కుచెదరకుండా ఉన్నాడు. పక్క స్పీకర్ల పిన్ను అదే రంధ్రంలో పెట్టి, స్విచ్ వేసి, సౌండును కొద్దికొద్దిగా పెంచాను. ముందు గాలి, తర్వాత గొణుగుడు, ఆ తర్వాత మాట గదంతా నిండింది. "కబూల్ హై... చాచా, ఇనబడ్తుందా? కబూల్ హై... కబూల్ హై..." మేము వింటున్నామో లేదో తెలియక, పాపం, అంతసేపూ అంటూనే ఉన్నాడు!

"జర ఆగు బాబూ, నేను అడిగినంక అను" అన్నారు ఖాజీ సాబ్. అడిగారు. అతను ఈసారి పద్ధతిగా అన్నాడు. సాక్షులు విన్నారు. దుప్పటి వెనక ఆడవాళ్ళంతా ఒక్కసారిగా ఏడ్చారో నవ్వారో తెలియలేదు గానీ, నేను మాత్రం ఆ చెప్పులతోనే స్టూలు మీద కూలబడి ఏడ్చాను.

బండి బయలుదేరేలోగా ఒక్క మాట మాట్లాడించాలని అమ్మాయిని తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. చుట్టూ కుటుంబమంతా మూగింది. "ఎట్లున్నవ్?" అని అబ్బాయి అడిగాడు. స్పీకర్లలో ఆ మాట వీధిదాకా వెళ్ళింది. "మంచిగున్నది, మంచిగున్నది" అని అమ్మమ్మ జవాబిచ్చింది. అమ్మాయి తల దించుకుని, నా కొంగు పట్టుకుని, "అక్కా, గిందరి ముందల ఏం మాట్లాడాలె?" అంది, నాకు మాత్రమే వినిపించేలా.

ఓనరన్న డ్రాయర్‌లోంచి హెడ్‌ఫోన్ తీశాను. సౌండు తగ్గించాను. మెషిన్ ఆపలేదు, ఎవరినీ అడగలేదు, కళ్ళు కూడా మూసుకోలేదు. స్పీకర్ల పిన్ను లాగి, హెడ్‌ఫోన్ పెట్టి, అమ్మాయి చెవులకు తగిలించాను. గది మొత్తానికి పెళ్ళికొడుకు ఒక్కసారిగా మూగవాడైపోయాడు. ఆ అమ్మాయి మాత్రం ఏదో విని, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏమంటుండు? ఏమంటుండు?" అని అమ్మమ్మ నా భుజం పొడుస్తూనే ఉంది. నాకేం తెలుసు! ఆయన ఏమన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు స్పీకర్లకు వైర్లే లేవు. నా పనితనం ఎవరికీ అక్కర్లేదు. అందరికీ వినబడేలా చేయడానికి గజగజ వణికి, ఆ వెంటనే ఒక్కరికే వినబడేలా చేయడానికి ఏమాత్రం వణకని ఆ పిచ్చిపిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎదురుగా ఉంటే దగ్గరికి పిలిచి తల నిమరాలనిపిస్తుంది.