గెలిచినవాడికి ఎదురొచ్చాను

మా పల్లెను ఆదోనిలో కలిపి కొత్త వార్డు చేశారు. మేమూ పట్నంవాళ్లమైపోయామట. ఇంటిముందు అదే బురద, అవే పందులు. పోయింది మాత్రం కరువు పని. చెరువులో పూడిక తీస్తే కూలి ఇచ్చే ఆ పని పల్లెలకేనట, పట్నానికి లేదట.

మా ఆయన పోయాక నన్ను బతికించింది ఆ పనే. పత్తి మిల్లుకు మళ్లీ పోలేను. నా గొంతు ఇట్లా గరగరలాడేది ఆ దుమ్ము మింగే. ఇక మిగిలింది సుగ్గి. మూట కట్టుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోవాలి. మా ఆయన సుగ్గికి పోయి ఎవరి చేనిగట్టు మీదో ప్రాణం విడిచాడు. ఆ దారి నేను తొక్కను.

ఓట్లప్పుడు మా వార్డుకు నిలబడిన ఒక పత్తి వ్యాపారి వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు.

"అమ్మా, నీ కొడుకనుకో. గెలిపించు, కరువు పని మళ్లా తెప్పిస్తా."

"కొడుకువైతే ఇన్నాళ్లు యాడ సచ్చినావప్పా?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. తిట్టి కూడా ఓటు వాడికే వేశాను. పని కావాలి కదా.

ఎమ్మిగనూరులో మగ్గం పని చేసుకునే మా చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. "అక్కా, గెలిచిన పొద్దే అడుగు. తెల్లారితే ఫ్లెక్సీలో తప్ప యాడా కనపడరు."

ఫలితం వచ్చిన రోజు మధ్యాహ్నానికే టపాసులు పేలాయి. వాడే గెలిచాడు. తప్పెట్లు మా సందు దిక్కు వస్తుంటే ఆడవాళ్లు హారతి పళ్లేలు పట్టుకుని వాకిళ్లలో నిలబడ్డారు. నేను చెరువు పని పార తీసుకుని వచ్చాను. మెడలో కండువా వేసుకున్న వాడి మనిషి ఒకడు ఉరికొచ్చాడు.

"అవ్వా, లోపలికి పో. అన్న వస్తాండాడు."

"వస్తే రానీ. పని సంగతి అడగల్ల."

"బోసి నొసటితో ఎదురొస్తావా? మంచి పొద్దు గదా!"

"ఓటుకు ఆటోలో ఎక్కించుకపోయినోడివి నువ్వే గదరా. ఆ పొద్దు నా నొసలు కనపడల్యా?"

వాడు నా రెక్క పట్టుకున్నాడు. విదిలించుకుని సందు నడిమధ్యలో కూర్చున్నాను. జీపు మలుపు తిరిగింది. గెలిచినవాడు నన్ను చూశాడు. డ్రైవరు చెవిలో ఏదో అన్నాడు. జీపు వెనక్కి పోయి పక్క సందులో దూరింది. తప్పెట్లూ దాని వెంటే పోయాయి. పళ్లేల్లో కర్పూరం ఊరికే కాలిపోయింది.

"నీ పాడుమొగం పాడుగాను, మా వాకిట్లోకి రాకుండా జేస్తివే!" అని పక్కింటామె తిట్టింది. ఆమెకూ కరువు పని పోయింది. ఆమె కోపం మాత్రం నా మీదే.

వాడికి నా ముఖమంటే అంత భయమని ఆ రోజే తెలిసింది. తెల్లారి పార తీసుకుని వాడింటి గేటుకు ఎదురుగా కూర్చున్నాను. అప్పటి నుంచి రోజూ పోతున్నాను. వాడు దొడ్డివాకిలి గుండా బయటికి పోతాడట. మొన్న గేటు కాపలావాడు టీ తెచ్చిచ్చి మెల్లగా అడిగాడు.

"అవ్వా, రేపన్నా రాకుండా ఉంటావా? అన్నకు కొత్త కారొస్తాంది."

"ఎన్ని గంటలకు?" అన్నాను.