బావ జేబులో తాళంచెవి

మా బావ ఒకప్పుడు దొంగ. ఈ మాట నేను చాటుగా చెప్పడం లేదు, ఎదురుపడ్డవాళ్ళందరికీ ఆయనే చెబుతాడు. మానేసిన పనికి సిగ్గెందుకు, చేస్తున్న పనికి సిగ్గుపడాల్సినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా అంటాడు. ఆ రోజుల్లో ఆయన వేలు తగిలితే ఏ తాళమైనా నోరు తెరవాల్సిందే. అందుకే సొంతింటి తాళంచెవి కూడా ఆయన దగ్గర ఉండేది కాదు.

జైలు నుంచి వచ్చాక మా అక్క ఆయన్ని గుమ్మంలోనే ఆపింది. చేతిలో ఒక తాళంచెవి పెట్టి, అందరిలాగే దీనితో తలుపు తీసుకుని లోపలికి రమ్మంది. పరాయి వస్తువు మీద చెయ్యి పడిందని తెలిసిన రోజు అది తన చేతిలో పెట్టేసి, వచ్చిన దారినే పొమ్మంది. మా అక్క మాటంటే మాటే. బావ ఆ తాళంచెవిని కళ్ళకద్దుకున్నంత పనిచేశాడు.

నేను సినిమా స్టూడియోలో హీరోయిన్లకి జుట్టు దువ్వుతాను. మా హీరో ఓ సినిమాలో జేబుదొంగ. హీరోయిన్ చేతిని ముద్దాడుతూ ఆవిడ వేలి ఉంగరం కాజెయ్యాలి. ఆయనేమో ముల్లంగి పీకినట్టు పీకుతున్నాడు. డైరెక్టరు తల పట్టుకుంటే, మా బావ నేర్పుతాడని నేనే చెప్పాను. తనని మాస్టారూ అని పిలిస్తేనే నేర్పుతానన్నాడు బావ. స్టూడియోవాళ్ళు కొంత ఒప్పుకుని, దొంగ మాస్టారు అన్నారు.

ఆ రోజు భోజనాలకి ముందు రిహార్సల్ చేశారు. భోజనాలయ్యాక అసలు షాట్. షాట్‌లో వాడే గిల్టు ఉంగరం సామాన్ల పెట్టెలోంచి తీసి హీరోయిన్‌కి తొడగబోతే, ఆవిడ వేలికి ఉండాల్సిన సొంత వజ్రపుటుంగరం లేదు. చేతులు కడుక్కునేటప్పుడు తీశానేమో అని ఆవిడ ఏడుపు. గదులన్నీ గాలించారు. తర్వాత ఒక్కొక్కరే మెడ తిప్పి మా బావ వైపు చూశారు.

కుక్క తోక వంకర ఊరికే పోతుందా అన్నాడు మేనేజరు, బావ జేబు మీద చెయ్యి వేయబోతూ. బావ ఒక్కడుగు వెనక్కి వేశాడు.

"వెతకండి. కానీ హీరోగారి దగ్గర మొదలుపెట్టండి. భోజనాల్లో మొదటి వరుస ఆయనదేగా, ఇందులోనూ ఆయనదే."

మేనేజరు మొహం కందగడ్డయింది. బావని గేటు బయటికి నెట్టమని కేకేశాడు. నాకు ఒళ్ళు మండింది. హీరోయిన్ జుట్టు అప్పటికి సగమే ముడి వేశాను. మా బావ బయటికెళ్తే నేనూ వెళ్తాను, మిగతా సగం మీరే వేసుకోండని దువ్వెన బల్ల మీద పడేశాను. లైట్లు పట్టే మనిషి నవ్వి, తన జేబులు బయటికి లాగి చూపించాడు. సామాన్ల పెట్టె మనిషీ లాగాడు. ఇక హీరోకి తప్పలేదు. పెద్దమనిషిలా చెయ్యెత్తి అందర్నీ ఆపి, అదే చెయ్యి కోటు జేబులో పెట్టాడు. ఉంగరం ఆయన వేళ్ళకే తగిలింది.

షాటయితే "కట్" అనగానే సామాన్ల పెట్టె మనిషి వచ్చి నటుల దగ్గరున్న వస్తువులన్నీ తీసేసుకుంటాడు. రిహార్సల్‌కి కట్ ఉండదు. పైగా అక్కడ అందరూ ఉత్తుత్తిగానే చేస్తారు. మా హీరో మాత్రం నేర్చిన విద్య కొద్దీ ఆవిడ వేలికున్న సొంత ఉంగరాన్ని నిజంగానే లాగేశాడు. ఆవిడకి తెలియలేదు, చూస్తున్నవాళ్ళకీ తెలియలేదు. గిల్టుదే అనుకుని జేబులో వేసుకుని భోజనానికి వెళ్ళిపోయాడు. తన డైలాగే గుర్తుండని మనిషికి ఉంగరం ఏం గుర్తుంటుంది?

హీరో పగలబడి నవ్వాడు. మేనేజరు చప్పట్లు కొట్టి, ఎంత సహజంగా చేశారు సార్ అన్నాడు. ఆయన తీస్తే నటన, మా బావ ఊరికే నిలబడ్డా దొంగతనం! తర్వాత మేనేజరు బావ వైపు తిరిగి, దొరికిందిగా, పోయి నీ పని చూసుకో అని చెయ్యి విదిలించాడు.

బావ కదల్లేదు. రెండు చేతులూ పైకెత్తాడు.

"నా జేబులు ఇంకా చూడలేదు. ఇవాళ వదిలేస్తే, రేపు ఇంకోటి పోయినప్పుడు మళ్ళీ నా వైపే చూస్తారు. మరదలా, నువ్వు వెతుకు. ఇంటికెళ్ళి మీ అక్కకి చెప్పాల్సింది నువ్వే."

అందరూ చూస్తుండగా ఒక్కో జేబూ తిరగేశాను. ఒకదాంట్లో చేతిరుమాలు. ఇంకోదాంట్లో తాళంచెవి. దాన్ని అందరికీ కనపడేలా పైకెత్తాను.

మేనేజరు అప్పుడు కూడా ఊరుకోలేదు. అది ఏ తాళానిది అని అడిగాడు.

"మా ఇంటిది," అన్నాడు బావ. "నేను తాళంచెవితో తీసే తలుపు అదొక్కటే. ఇటివ్వు మరదలా, సాయంత్రం దాంతో పనుంది."